‘తల్లి చాలు పిల్లకు తప్పదు’: ఇందులో చాలు అంటే?

కనిగిరి నుంచి:
మా వైపు గొర్రెపిల్లను బేరమాడేటప్పుడు పెద్దవాళ్ళు ముందు తల్లిని చూపించమంటారు. అడిగితే ఈ సామెతే చెప్తారు. డిగ్రీ చదివే మా అమ్మాయి జీనోమిక్ ఇంప్రింటింగ్‌ను ‘జన్యు ముద్ర’ అని రాసుకుంది. దానికి ఈ ‘చాలు’ పనికొస్తుందా?

కావలి నుంచి:
ఇక్కడ చాలు అంటే తీరు, వరస. నాగలి తోలిన గీతా చాలే.

నెల్లూరు నుంచి (జంతుశాస్త్రం చెప్తుంటాను):
అన్నా, సామెతను ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తే తప్పవుతుంది. దాదాపు ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. కొన్నిటిలో మాత్రం ఒక్కటే పనిచేస్తుంది. ఏది పనిచేయాలో అది ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్న దాన్నిబట్టే. జీనోమిక్ ఇంప్రింటింగ్ అంటే ఇదే. 1984లో మెగ్రాత్, సోల్టర్ ఒకచోట, సురానీ బృందం మరోచోట ఎలుక పిండాల్లో ఇది చూపించారు. రెండు జన్యు వాటాలూ తల్లివే అయితే మావి (ప్లాసెంటా) సరిగ్గా ఎదగలేదు. రెండూ తండ్రివే అయితే మావి భాగాలు పెరిగాయి గానీ పిండం ఎదగలేదు. ఏదీ పుట్టేదాకా బతకలేదు. తల్లి చాలు ఒక్కటే చాలదన్నమాట.

అయినా నాకు ఈ మాట నచ్చింది, ఎందుకో చెప్తాను. పిండాన్ని పెంచే ఐజీఎఫ్‌2 జన్యువు గొర్రెల్లోనూ చాలా కణజాలాల్లో తండ్రి నుంచి వచ్చినదే పనిచేస్తుంది. ఒక జోడిపి (నెల్లూరు జాతిలో ఒక రకం) గొర్రెలో దాని తండ్రి పొట్టేలు ఇచ్చిన ఐజీఎఫ్‌2 పనిచేస్తోందనుకోండి. అదే జన్యువును ఆ గొర్రె తన పిల్లకిస్తే అక్కడ మూగబోతుంది. ఇప్పుడది తల్లి ఇచ్చినది కదా! డీఎన్‌ఏ అక్షరం ఒక్కటీ మారలేదు, మారింది దాని మీద ఉండే మెథైల్ అనే రసాయన గుర్తులే. బీజకణాల్లో పాత గుర్తులు చెరిగిపోయి, అండంలో తల్లి పద్ధతిలో, వీర్యకణంలో తండ్రి పద్ధతిలో మళ్ళీ ఏర్పడతాయి. ముద్ర అంటే పడ్డాక పోనిదనిపిస్తుంది. చాలు దున్నితే చెరుగుతుంది, మళ్ళీ విత్తే ముందు కొత్తగా తోలతారు.

కావలి నుంచి:
పుస్తకంలో ఉత్త ‘చాలు’ అని రాస్తే పిల్లలు ‘ఇక వద్దు’ అనుకుంటారు సార్. పైగా పిండం తొలి రోజుల్లో మిగతా మెథైల్ గుర్తులు చాలావరకు చెరిగిపోతున్నా ఇవి నిలబడతాయి. ఆ నిలకడ చెప్పడానికి ముద్రే నయం.

నెల్లూరు నుంచి:
నిజమే, ఆ నిలకడే దీనికి ప్రాణం. ప్రక్రియకు జన్యు ముద్రే ఉండనిద్దాం. ఎవరి నుంచి వచ్చినది పనిచేస్తుందో దాన్నిబట్టి జన్యువులను విడదీసి చెప్పాల్సినచోట చాలు వాడదాం. అమ్మాయిని ఐజీఎఫ్‌2కు తండ్రి చాలు జన్యువనీ, దాని పక్కనే ఉండే హెచ్‌19కు తల్లి చాలు జన్యువనీ రాసి చూడమనండి.