బేగంపేటలో రాస్ ప్లాజా: కట్టాలా? కడితే ఎవరి పేరు?

సికింద్రాబాదీ:
బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర బ్రిటిష్ డాక్టరు రొనాల్డ్ రాస్ పేరున్న భవనాన్ని ఎంతమంది చూశారు? 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో పనిచేస్తూ ఆయన అనాఫిలిస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ప్రపంచమంతా ఆ రోజున దోమల దినం జరుపుతుంది. అక్కడో ప్లాజా ఉంటే బాగుంటుంది. చెట్ల నీడ, పెద్ద దోమ బొమ్మ, పిల్లలు తొంగిచూడటానికి మైక్రోస్కోప్. ఏమంటారు?

నాలా పక్కిల్లు:
మా గల్లీ నాలాకి మూత లేదు. సాయంత్రం ఆరయితే తలుపులేసుకుంటాం. ముందు ఆ డబ్బుతో పూడిక తీయించండి భయ్యా, దోమకు బొమ్మ తర్వాత.

జువాలజీ టీచర్:
కట్టండి. కానీ "మలేరియా గుట్టు మొత్తం ఇక్కడే తేలింది" అని బోర్డు రాయకండి. రోగి రక్తంలో ఆ పరాన్నజీవిని లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1880లోనే చూశాడు. దోమల మీద దృష్టి పెట్టమని రాస్‌కు చెప్పింది మాన్సన్ అనే బ్రిటిష్ డాక్టరు. ఆ పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరి, కుట్టినప్పుడు దిగుతుందని రాస్ తేల్చింది 1898లో, కలకత్తాలో, అదీ పక్షుల మలేరియాలో. మనుషుల విషయంలో రుజువు చేసింది ఇటలీలో గ్రాస్సీ అనే శాస్త్రవేత్త బృందం. ఘనత ఎవరిదని రాస్‌కూ గ్రాస్సీకీ పెద్ద తగువే నడిచింది. అదీ రాయాలి, మా పిల్లలైతే ముందు ఆ బోర్డు దగ్గరికే వెళ్తారు.

పాతబస్తీ పోరడు:
మరి హుసేన్ ఖాన్? మలేరియా జ్వరంతో ఉన్న ఆయన్ని దోమలతో కుట్టించారు, దోమకు ఒక అణా చొప్పున. అలా కుట్టిన దోమను కోస్తేనే కదా రాస్‌కు కనిపించింది! ప్లాజాకు ఖాన్ సాబ్ పేరే పెట్టాలి.

సికింద్రాబాదీ:
ఒప్పుకోను. రెండేళ్లు వేరే జాతుల దోమల్ని కోసి కోసి ఏమీ దొరక్కపోయినా వదల్లేదు రాస్. దోమలు ఎగిరిపోతాయని ఉక్కలో పంకా కూడా ఆపించుకున్నాడు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి.

పాతబస్తీ పోరడు:
కష్టపడలేదని ఎవరన్నారు? ఆయన పేరు మీద సంస్థే ఉంది. ఖాన్ సాబ్ పేరు నేనైతే ఒక బెంచీ మీద కూడా చూడలేదు.

సికింద్రాబాదీ:
సరే, బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో. తెలుగులో, ఉర్దూలో.

నాలా పక్కిల్లు:
ఏ పేరైనా పెట్టుకోండి, ఫౌంటెన్ మాత్రం వద్దు. నెల తిరక్కుండా మోటారు పాడవుతుంది. ఆ నిలవ నీళ్లలో మళ్లీ అవే దోమలు.