నోట్లో గులకరాళ్లు పెడితే ‘ర’ పలుకుతుందా?

మలక్‌పేట నాన్న:
మా వాడికి తొమ్మిదేళ్లు. ‘ర’ తిరగదు. చార్మినార్‌ని ‘చాల్మినాల్’ అంటాడు. చిన్నప్పుడు వస కూడా పోశాం. జనవరి 26కి బళ్లో ఉపన్యాసం ఇచ్చారు, మొదటి మాటే ‘గణతంత్ర’! నిన్న మా నాన్న అష్టాచెమ్మా డబ్బాలోంచి నాలుగు చింతగింజలు తీసి వాడి నోట్లో పెట్టబోయారు. గ్రీసులో డెమోస్తనీస్ ఇట్లాగే గులకరాళ్లు పెట్టుకుని మహావక్త అయ్యాడట. నిజమేనా?

నల్లకోటు:
ముందు ఆ గింజలు లాక్కోండన్నా, గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదకొస్తది. కథ మరీ గాలి కబురు కాదు. ముసలితనంలో డెమోస్తనీసే చెప్పగా విన్నానని ఏథెన్స్ నాయకుడు డెమెట్రియస్ అన్నాడని జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్ రాశాడు. రోమన్ వక్త సిసిరో చెప్పింది మీ వాడికి నచ్చుతుంది: డెమోస్తనీస్‌కూ ‘ర’ పలికేది కాదట. వక్తృత్వం గ్రీకులో ‘రెటోరికే’. నేర్చుకునే విద్య పేరులో మొదటి అక్షరమే రాదు!

సిటీ సివిల్ కోర్టులో 22 ఏళ్లుగా ఉన్నోణ్ణి, నాకు మాత్రం రాళ్లకంటే ఆయన ఆస్తి కేసు ఇష్టం. ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. కత్తుల కార్ఖానా, మంచాల కార్ఖానా, వడ్డీకి తిప్పిన డబ్బు, మొత్తం 14 టాలెంట్లని (టాలెంటంటే సుమారు 26 కిలోల వెండి) ఆయన లెక్క. ముగ్గురు గార్డియన్లు తినగా మిగిలింది ఒక ఇల్లు, 14 మంది బానిసలు, 30 మినాల వెండి (60 మినాలు ఒక టాలెంటు). అంతా కలిపినా టాలెంటు పైచిలుకే. ఇరవయ్యేళ్లకు తనే వాదించి ఆ గార్డియన్లలో ఒకడైన అఫోబస్ మీద 10 టాలెంట్ల తీర్పు తెచ్చుకున్నాడు. తీరా పొలం స్వాధీనానికి పోతే అఫోబస్ బావమరిది అడ్డొచ్చాడు, మా చెల్లెలి కట్నం కింద నాకు తాకట్టుందని! డిక్రీ చేతబట్టుకుని దాన్ని అమలు చేయించే ఈపీ (ఎగ్జిక్యూషన్ పిటిషన్) కోసం తిరిగే నా క్లయింట్లకు ఇదే చెప్తుంటా.

రిటైర్డ్ హిస్టరీ మేడం:
వకీలు గారూ, ఆయన ఓడిపోయిన సంగతి వదిలేశారు. క్రీ.పూ. 351 నుంచి మాసిడోనియా రాజు ఫిలిప్ మీద తన ఊరు ఏథెన్స్‌ని లేపుతూనే ఉన్నాడు. 338లో కైరోనియా యుద్ధంలో ఫిలిప్ చేతిలో ఏథెన్స్ చిత్తయింది. అయినా 330లో, డెమోస్తనీస్‌కి బంగారు కిరీటం ఇవ్వొద్దని ప్రత్యర్థి ఎస్కినీస్ వేసిన కేసులో, ఎస్కినీస్‌కి ఐదోవంతు ఓట్లు కూడా రాలేదు. తమను ఓటమిలోకి నడిపిన నాయకుడి పక్కనే జనం నిలబడ్డారు, నాకు అదే వింత. తర్వాత అలెగ్జాండర్ కోశాధికారి హర్పాలస్ ఎత్తుకొచ్చిన సొమ్ము తిన్నాడని 50 టాలెంట్ల జరిమానా పడింది, దండ వేసేముందు అదీ చూడాలి. 322లో మాసిడోనియా మనుషులు చుట్టుముడితే, సముద్ర దేవుడు పోసీడన్ గుడిలో ఉత్తరం రాస్తున్నట్టు కలం కొరికి, అందులో దాచిన విషం మింగాడంటారు. ఫిలిప్ మీద ఆయన ప్రసంగాల పేరు ‘ఫిలిప్పిక్స్’; సుమారు మూడొందల ఏళ్లకు రోమ్‌లో ఆంటోనీని దులిపిన సిసిరో ప్రసంగాలకూ అదే పేరు!

మలక్‌పేట నాన్న:
థ్యాంక్స్ అన్నా, మేడం. వాడికి చదివి వినిపించా. ‘మలి ఎవలూ నవ్వలేదా?’ అనడిగాడు.

రిటైర్డ్ హిస్టరీ మేడం:
నవ్వారు నాన్నా! మొదటిసారి సభలో మాట్లాడితే గోల చేసి దింపేశారు. బయటికి పోబుద్ధి కాకుండా సగం గుండు కొట్టుకుని, నేలమాళిగలో నెలల తరబడి సాధన చేశాడట.

మలక్‌పేట నాన్న:
మేడం, సగం గుండు సంగతి చెప్పకుండా ఉండాల్సింది. శనివారం స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నా. చింతగింజలు డబ్బాలోకి పోయాయి. డెమోస్తనీస్ ఎత్తెక్కుతూ పద్యాలు చదివేవాడని నాన్న ఎక్కడో చూశారు, ఆదివారం గోల్కొండ మెట్లట.