యూకేలో ఏడాది ఎమ్మెస్సీ చేస్తే నర్సు లైసెన్సు వచ్చేస్తుందా?

టెక్కలి కుర్రోడు:
మా చెల్లి శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసింది. యూకేలో ఏడాది ఎమ్మెస్సీ చేస్తే రిజిస్ట్రేషన్ కూడా చేతికొస్తుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లంటున్నారు. నిజమేనా? జీడితోట తాకట్టు పెట్టాలి, అందుకని అడుగుతున్నా.

నాగావళి:
రాదు. పట్టా వేరు, అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఎన్‌ఎంసీ ఇచ్చే రిజిస్ట్రేషన్ వేరు. మన దగ్గర చదివినవాళ్లు సీబీటీ, అంటే కంప్యూటర్ మీద పరీక్ష రాయాలి, అది ఇండియాలోనే రాయొచ్చు. తర్వాత ఓస్కీ, అంటే పని చేసి చూపించే పరీక్ష, అది యూకేలోనే. అందులో పది స్టేషన్లు, అంటే పది చిన్న పరీక్షలు, ఫీజు 794 పౌండ్లు. ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో రైటింగ్ 6.5, మిగతా మూడింట్లో 7 ఉండాలి. వీటిలో దేనికీ ఎమ్మెస్సీ అక్కర్లేదు. మరి తోటెందుకు?

రాజాం రాజు:
అంత గట్టిగా ‘రాదు’ అనకండి. ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీలున్నాయి. అవి చేస్తే సీబీటీ, ఓస్కీ ఏవీ లేవు.

నాగావళి:
అవి వేరే డిగ్రీ చేసి నర్సింగ్‌లోకి వచ్చేవాళ్లకి. మామూలుగా రెండేళ్లు. 2300 గంటల ప్రాక్టీసు ఏడాదిలో ఎలా పూర్తవుతుంది?

రాజాం రాజు:
ఉన్నాయా, లేవా? అది చెప్పండి.

సాలూరు సంత:
ఏజెంటు మాట నమ్మి తోట రాసిచ్చేస్తావేటి బావూ!

నాగావళి:
రాజు గారూ, మీదీ కన్సల్టెన్సీయేనా?

రాజాం రాజు:
మా అప్ప ఇక్కడొక ప్రైవేటు ఆస్పత్రిలో ఏళ్ల తరబడి నైట్ డ్యూటీలు చేసింది. మానేస్తానంటే అనుభవ పత్రం ఇవ్వలేదు. అది లేకపోతే ఉద్యోగ వీసాకి స్పాన్సర్ చేసేదెవరు? స్టూడెంట్ వీసా మీదే వెళ్లింది. వారానికి 20 గంటలు వృద్ధుల్ని చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేస్తూ ఓస్కీ పాసైంది. మీరు చెప్పే దారి కాగితాలున్నవాళ్లది.

నాగావళి:
మీ అప్ప పాసైంది, సంతోషం. నా రూమ్‌లో ఉండే అమ్మాయి కాలేదు. ఎమ్మెస్సీ పట్టా ఉంది, చేసేది కేర్ హోమ్‌లో. ఊళ్లో నాన్నకి మాత్రం నర్సునే అని చెబుతుంది. బయటి దేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడం కూడా 2025 జూలై 22న ఆపేశారు.

రాజాం రాజు:
అసలు మీ బాధ లైసెన్సు కాదు, ఆడపిల్లకి తోట తాకట్టేంటని! కొడుకు ఎంఎస్‌కి అమెరికా వెళ్తానంటే ఇన్ని లెక్కలు అడుగుతారా?

నాగావళి:
నేనూ ఆడదాన్నే. నా చదువుకి తెచ్చిన అప్పు నేనే తీర్చాను. తీరేదాకా పండక్కి వెళ్లినప్పుడల్లా ‘నీవల్లే’ అన్నారు. మా అన్న చదువు అప్పు నాన్న తీర్చాడు, వాణ్ణి ఒక్క మాటనలేదు. తోట వద్దన్నది ఆ పిల్ల కోసమే.

బొబ్బిలి బుజ్జి:
ఇంతకీ ఆ గుంట ఏటంటంది? ఎవరైనా అడిగారా?

టెక్కలి కుర్రోడు:
ఇప్పుడే అడిగాను. యూకే వద్దట. మాకు చెప్పకుండా ఫోన్లో జర్మన్ నేర్చుకుంటోంది.

రాజాం రాజు:
జర్మనీకి భాషలో బీ2 స్థాయి కావాలి మరి.

నాగావళి:
బీ2 ఒక్కటే చాలదు. మన డిగ్రీలో ఏం తక్కువుందో మామూలుగా ముందు వాళ్లు రాసిస్తారు. దాన్నిబట్టి పరీక్ష రాయాలి, లేదా ఆ లోటు పూడ్చే అడాప్టేషన్ కోర్సు చెయ్యాలి.

రాజాం రాజు:
ఒక్కటే చాలని నేనెక్కడన్నాను?