బెజవాడలో గుజరాతీ థాలీ: మా నాన్న తినగలరా?

గుంటూరు అమ్మాయి: ఆదివారం అమ్మానాన్నల్ని బెజవాడలో గుజరాతీ థాలీకి తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్నకి పచ్చడి లేనిదే ముద్ద దిగదు. వాళ్ల పప్పు తియ్యగా ఉంటుందట కదా?

వన్‌టౌన్ గుమస్తా: నిశ్చింతగా తీసుకెళ్లమ్మా. బట్టల కొట్లో లెక్కలు రాస్తాను, మా సేటు గారింట్లో ఈ భోజనం చాలాసార్లు తిన్నాను. పప్పులో బెల్లం వేస్తారు, పులుపుకి కోకం అనే పుల్లటి ఎండు పండు. మన పప్పుచారనుకుని నోట్లో పెట్టుకుంటే కొత్తగా ఉంటుంది, అన్నంలో కలిపితే బాగుంటుంది. కఢీ మాత్రం మన మజ్జిగ పులుసుకి దగ్గరి చుట్టం, శనగపిండి కలిపి కాస్తారు, కాస్త తీపి. ఢోక్లా, ఖాండ్వీ లాంటి చిరుతిళ్లు, స్వీటు అన్నీ మొదట్లోనే వడ్డిస్తారు, భోజనంతో పాటే తినాలి. పల్చటి రోట్లీలు నెయ్యి రాసి వేస్తూనే ఉంటారు. నాన్నగారికి చెప్పు, వాటితోనే కడుపు నింపుకోవద్దని. చివర్లో ఖిచిడీ, కఢీ కలుపుకుని తినాలి, నాకదే ప్రాణం.

పటమట కోడలు: కారం కావాలంటే లసణ్ చట్నీ అడగండి, వెల్లుల్లి, ఎండుమిర్చి నూరినది. గుజరాత్‌లోనే కాఠియావాడ్ వైపు వాళ్లు కారం గట్టిగానే తింటారు. జైన భోజనమైతే ఉల్లి, వెల్లుల్లి ఉండవు, వెళ్లే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

వన్‌టౌన్ గుమస్తా: అవునమ్మా, మంచి మాట. సంక్రాంతి రోజుల్లో వెళ్తే ఉంధియు ఉందేమో అడుగు. సూరత్ వాళ్ల చలికాలపు కూర అది. చిక్కుడు, పెండలం, చిన్న వంకాయలు, మెంతికూర ఉండలు కలిపి వండుతారు.

గుంటూరు అమ్మాయి: చాలా థాంక్సండీ. చట్నీ సంగతి ఇప్పుడే ఫోన్ చేసి అడుగుతా.