ఐదు వారాలుగా ‘తొంభై శాతం’ దగ్గరే ఆగిపోయాం. మనుషుల్ని పెంచాలా, టెస్టింగ్ తగ్గించాలా?

కొత్త_లీడ్:
అందరికీ నమస్తే. నాలుగు నెలల క్రితం లీడ్ బాధ్యత తీసుకున్నాను. ఆరుగురం కలిసి పాత బిల్లింగ్ సిస్టమ్‌ను తిరగరాస్తున్నాం. పనిని ఎనిమిది మాడ్యూళ్లుగా పంచుకున్నాం. ఎవరిది వాళ్లు పూర్తి చేశాక, చివరి మూడు వారాల్లో అన్నీ కలిపి టెస్ట్ చేద్దామని ప్లాన్ వేసింది నేనే. ఐదు వారాలుగా ప్రతి స్టేటస్ మీటింగ్‌లోనూ అందరూ ‘తొంభై శాతం అయింది’ అనే చెబుతున్నారు. అబద్ధం చెప్పే మనుషులు కాదు. డెడ్‌లైన్ ఇంకా ఆరు వారాలుంది. మేనేజర్ నలుగురు డెవలపర్లను ఇస్తానంటున్నారు, లేదంటే టెస్టింగ్‌ను ఒక వారానికి కుదించమంటున్నారు. ఏది ఒప్పుకోవాలి?

పాత_టెస్టర్:
రెండూ ఒప్పుకోకండి. పద్నాలుగేళ్లుగా టెస్టింగ్‌లో ఉన్నాను, ఈ ‘తొంభై శాతం’ మూడు ప్రాజెక్టుల్లో విన్నాను. మీవాళ్లు నిజమే చెబుతున్నారు. ఎవరికి వాళ్లు రాసిన కోడ్ దాదాపు అయిపోయింది. మిగిలిన పనంతా మాడ్యూళ్ల మధ్యన ఉంది, దాన్ని ఎవరి పేరు మీదా రాసుకోలేదు.

నేను చూసినదే చెబుతాను. ఒక ప్రాజెక్టులో పన్ను లెక్క ఒకరిది, ఇన్వాయిస్ మొత్తం ఇంకొకరిది. ఒకరు ప్రతి వస్తువు మీదా పన్నును పూర్ణాంకానికి సవరించి కూడారు, మరొకరు ముందు కూడి తర్వాత సవరించారు. ఒక్కో దాని మీద 10.4 చొప్పున మూడు వస్తువులైతే ఒకచోట 30, ఇంకోచోట 31. ఇద్దరి యూనిట్ టెస్టులూ, అంటే ఎవరి కోడ్‌ను విడిగా వాళ్లు పరీక్షించుకునేవి, పచ్చగానే ఉన్నాయి, అన్నీ పాస్. రెండూ కలిపిన రోజున వేల ఇన్వాయిస్‌లలో లెక్క తేలలేదు. ఏది సరైనదో చెప్పాల్సింది అకౌంట్స్ వాళ్లు. వాళ్లను అప్పటిదాకా ఎవరూ అడగలేదు, ఆ జవాబు రావడానికే తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే మొదటి వారంలో అడిగి ఉంటే అరగంట పని.

కాబట్టి శాతాలు పక్కన పెట్టి రేపు ఒక్కటే అడగండి: స్టేజింగ్‌లో, అంటే అసలు సిస్టమ్‌ను పోలిన పరీక్షా సర్వర్లలో, ఒక కస్టమర్‌కి ఒక బిల్లు మొదటి నుంచి చివరిదాకా వస్తోందా? రాకపోతే ఈ వారం ఆరుగురూ దాని మీదే కూర్చోవాలి. డిస్కౌంట్లు వద్దు, రీఫండ్లు వద్దు, అతి మామూలు బిల్లు ఒకటి. అది వచ్చాక రెండో రకం బిల్లు. ఇక మీటింగ్‌లో చెప్పాల్సింది ‘ఇరవై రకాల్లో ఏడు వస్తున్నాయి’ అని. ఆ ఇరవై రకాలకూ సరైన జవాబు ఎంతో కోడ్ ముట్టుకోకముందే అకౌంట్స్ వాళ్లతో రాయించుకోండి.

మనుషుల సంగతి ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే చెప్పాడు: ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని. ఐబీఎంలో ఓఎస్/360 అనే భారీ ఆపరేటింగ్ సిస్టమ్ పని నడిపించిన అనుభవం ఆయనది. ఆరుగురి మధ్య మాట్లాడుకోవాల్సిన జతలు 15, పదిమందైతే 45. కొత్తవాళ్లకు నేర్పాల్సింది కూడా ఇప్పుడు రాస్తున్న మీ ఆరుగురే.

డేటా_మనిషి:
పై మాటతో చాలావరకు ఏకీభవిస్తాను, మనుషుల విషయంలో మాత్రం కాదు. నలుగురొద్దు, ఒక్కరిని తీసుకోండి. మాడ్యూళ్ల జోలికి రానివ్వకుండా ఒకే పని ఇవ్వండి: నిన్నటి నిజమైన ఇన్‌పుట్‌ను కొత్త సిస్టమ్‌లో కూడా నడిపి, పాత సిస్టమ్ ఇచ్చిన బిల్లుతో వరుస వరుసా పోల్చడం. కొత్తది ఎవరికీ బిల్లు పంపకూడదు, తేడాలు మాత్రమే రాసిపెట్టాలి. మీ కోడ్ లోతుగా తెలియకపోయినా చేయగల పని ఇది.

పాత_టెస్టర్:
ఇది నేనే చెప్పాల్సింది, మర్చిపోయాను. ఒప్పుకుంటున్నాను, ఆ ఒక్కరిని తీసుకోండి. కాకపోతే తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు కొత్తదానిదే అనుకోవద్దు. పాతదాంట్లో ఏళ్ల తరబడి ఎవరూ గమనించని తప్పులు కూడా బయటపడతాయి.

కొత్త_లీడ్:
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. మొదటి బిల్లు నాలుగో రోజున వచ్చింది. దాంతోపాటు ఒక తప్పూ బయటపడింది: టైమ్‌అవుట్ అయితే, అంటే జవాబు సమయానికి రాకపోతే, పేమెంట్ మాడ్యూల్ మళ్లీ రిక్వెస్ట్ పంపుతోంది, అది పాత రిక్వెస్టేనని ఇన్వాయిస్ మాడ్యూల్‌కు తెలియడం లేదు. ఒకే కస్టమర్‌కి రెండు బిల్లులు! ప్రతి రిక్వెస్ట్‌కూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి సరిచేశాం. ఇప్పుడు ఇరవైలో పదకొండు వస్తున్నాయి. మేనేజర్‌కి ఆ పట్టికే చూపించాను, రీఫండ్లు రెండో రిలీజ్‌కి వెళ్లాయి. ఇక కొత్తదానికి మారేరోజు గురించి భయంగా ఉంది. ఒక్క రాత్రిలో అందరినీ మార్చేయమంటారా?

పాత_టెస్టర్:
వద్దండి. ఏ కస్టమర్ పాతదాంట్లో, ఎవరు కొత్తదాంట్లో అని నిర్ణయించే స్విచ్ ఒకటి కోడ్‌లో పెట్టి ముందు వందమంది కస్టమర్లను మార్చండి, ఒక బిల్లింగ్ చక్రం పూర్తయ్యాక మిగతావాళ్లను. డేటాబేస్‌లో పాత కాలమ్‌ల పేర్లు మార్చకండి. కొత్తవి పక్కన చేర్చి, కొన్నాళ్లు రెండింట్లోనూ రాయండి. పాతవి తీసేయడం ఆఖరి రిలీజ్‌లో. అప్పుడే వెనక్కి వెళ్లే దారి ఉంటుంది.

ఆ స్విచ్‌కి మాత్రం పాత పేరు వాడొద్దు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీలో జరిగింది అదే. ఎప్పుడో వాడకం మానేసిన ఫ్లాగ్‌ను, అంటే ఇలాంటి స్విచ్‌నే, కొత్త పనికి వాడారు, ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. ఆ ఒక్కదాంట్లో పాత కోడ్ లేచి షేర్ల ఆర్డర్లు పంపుతూ పోయింది. సుమారు 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం. అందుకే స్విచ్ వేసేముందు ప్రతి సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో స్క్రిప్ట్‌తో అడిగించండి, ఒక్కటి తేడా ఉన్నా ఆగిపోవాలి. వెనక్కి తిప్పడం కూడా స్టేజింగ్‌లో రెండుసార్లు చేసి, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. రెండోసారి మీరు కాకుండా టీమ్‌లో ఇంకెవరైనా చేయాలి.