నెట్ వాళ్లిచ్చే క్లౌడ్ ఫోన్ మా షాపుకు పనికొస్తుందా?

నమస్కారం. అనంతపురంలో మాది బోరు మోటార్ల స్పేర్ పార్టుల షాపు. కౌంటరు, వెనక రివైండింగ్ షెడ్డు, వీధి చివర గోడౌను. ఉన్నది ఒకటే ల్యాండ్‌లైన్, 08554 కోడ్‌ది. 15 ఏళ్లుగా బిల్లుబుక్కు మీదా, షట్టరు మీదా అదే నంబరు. ఫోన్ మోగితే షెడ్డులో కుర్రాడు గ్రీజు చేతులతోనే పరిగెత్తుకొస్తాడు. రిసీవరు నల్లబడిపోయింది, దాని అసలు రంగేదో నాకే గుర్తులేదు.

మా ఫైబర్ నెట్ వాళ్లు ఇప్పుడు క్లౌడ్ ఫోన్, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్, తీసుకోమంటున్నారు. షాపులో ఎక్స్‌ఛేంజ్ పెట్టె ఏదీ ఉండదట, అంతా వాళ్ల సర్వర్లోనే. ఒకే నంబరు, దాని కిందే మూడు చోట్లా మోగే మూడు ఫోన్లు (ఎక్స్‌టెన్షన్లు), నెలనెలా అద్దె. ఒక కాల్‌కు 100 కేబీపీఎస్ చాలు కాబట్టి స్పీడ్ గురించి బెంగ లేదు. నా టెన్షనల్లా కరెంటే. పాత ఫోన్‌కు కరెంటు లైన్లోనే వచ్చేది. ఇప్పుడు రౌటర్ ఆగితే ఫోనూ ఆగినట్టే కదా? చిన్న యూపీఎస్ పెట్టుకుంటే మీకు ఎంతసేపు వస్తోంది? అదీ ఆగిపోతే కాల్ మొబైల్‌కు దానంతటదే మళ్లుతుందా?

పాత నంబరు ఉంచుకోవచ్చా? "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని రికార్డు చేసిన గొంతు వినగానే మా రైతులు ఫోన్ పెట్టేస్తారేమోనని ఇంకో అనుమానం. వాడుతున్నవాళ్లు ఉంటే కాస్త చెప్పండన్నా.