ఒకచోట సోఫా, మరోచోట తివాచీ: 'దివాన్' అర్థం ఎక్కడ మారింది?

ఇటాలియన్‌లో 'దివానో' అంటే సోఫా. పోలిష్‌లో దాదాపు అదే మాట, 'దివాన్', అంటే తివాచీ! వారం రోజులుగా ఇదే వెతుకుతున్నాను. రెండు భాషల నిఘంటువులూ చూశాను. మూలం పర్షియన్ 'దీవాన్' అని, టర్కిష్ మీదుగా యూరప్‌కి వచ్చిందని మాత్రమే ఉంది. పర్షియన్‌లో దస్త్రం, ప్రభుత్వ కార్యాలయం, కవితల సంపుటి అనే అర్థాలున్నాయి. ఒట్టోమన్ సుల్తాను మంత్రిమండలి పేరూ అదే. మన దివాన్, దివాణం కూడా పర్షియన్ నుంచి వచ్చినవే.

సోఫా సంగతి అర్థమైంది: కొలువు గదిలో గోడల వెంట వేసిన మెత్తని ఆసనాలకు ఆ గది పేరే వచ్చింది. తివాచీ దగ్గరే ఆగిపోయాను. పోలిష్ స్నేహితుణ్ణి అడిగితే 'టర్కీ మాట' అన్నాడంతే.

ఈ తివాచీ అర్థం టర్కిష్‌లోనే ఉండేదా, లేక పోలండ్ చేరాక పుట్టిందా?